మెత్తటి తీపి బన్నులు: ముద్ద చేతికి అంటుకుంటే కంగారు పడకండి

ఓవెన్‌లోంచి తీసినప్పుడు దూదిలా ఉన్న బన్ను సాయంత్రానికి బిరుసెక్కి, మర్నాటికి పొడిపొడిగా రాలిపోతోందంటే వెన్న తక్కువైందనో, ఈస్ట్ పాతదనో అనుకుంటాం. చాలాసార్లు తప్పు అంతకు చాలా ముందే, ముద్ద కలిపేటప్పుడే జరిగిపోయి ఉంటుంది. చేతికి అంటుకుంటోందని గుప్పెడు పొడి మైదా చల్లుతారు. గుప్పెడంటే 30 గ్రాములకి తగ్గదు. రెండుసార్లు చల్లితే 60 గ్రాములు. అరకిలో మైదాకి 325 గ్రాముల తడి లెక్కన మొదలుపెట్టిన ముద్దలో తడి 65 శాతం నుంచి 58 శాతానికి పడిపోతుంది. ఆ తర్వాత ఎంత వెన్న పోసినా ఆ లోటు తీరదు.

అందుకే కింద చెప్పే పద్ధతిలో ముద్ద మొదట్లో జిగటగానే ఉంటుంది. అలాగే ఉండాలి. అది దానంతట అదే దారికి వచ్చేలా చెయ్యడమే ఇందులో పని.

కావలసినవి

ఈ కొలతకి 64 గ్రాముల ఉండలు 15 వస్తాయి. 23 × 33 సెం.మీ. ట్రేలో వరసకి 5 చొప్పున 3 వరసలు సరిగ్గా సరిపోతాయి. పెద్ద బన్నులు కావాలంటే 80 గ్రాముల చొప్పున 12 చేసుకోండి.

గంజికి:
మైదా – 25 గ్రా.
పాలు – 125 మి.లీ.

ముద్దకి:
మైదా – 475 గ్రా.
పాలు – 150 మి.లీ.
గుడ్డు – 1 (పెంకు తీశాక సుమారు 50 గ్రా.)
పంచదార – 75 గ్రా.
ఇన్‌స్టంట్ ఈస్ట్ – 7 గ్రా.
మెత్తటి ఉప్పు – 8 గ్రా.
ఉప్పు లేని వెన్న – 60 గ్రా.

పైన పూయడానికి: ఒక పచ్చసొన, ఒక టేబుల్ స్పూను పాలు. కాల్చాక రాయడానికి మరో 20 గ్రాముల వెన్న.

కప్పులతో కొలవకండి. మైదాని వదులుగా పోస్తే కప్పుకి 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. నాలుగు కప్పుల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా 100 గ్రాములు దాటుతుంది. ఇంట్లో చిన్న తూకం యంత్రం ఉంటే సగం సమస్యలు పోతాయి. ఈస్ట్, ఉప్పు లాంటివి మాత్రం స్పూన్లతో కొలిచినా ఫరవాలేదు: ఇన్‌స్టంట్ ఈస్ట్ టీస్పూను నిండా 3 గ్రాములు, మెత్తటి ఉప్పు 6 గ్రాములు.

మైదా పొట్లం వెనక పోషకాల పట్టికలో ప్రొటీన్ ఎంతుందో చూడండి. 100 గ్రాములకి 11 నుంచి 12.5 గ్రాములు ఉంటే బన్నులకి మంచిది. 9 దగ్గరే ఉంటే అది కేకుల మైదా. అదే దొరికితే అరకిలోకి 15 గ్రాముల గోధుమ గ్లూటెన్ (ముద్దకి సాగే గుణాన్నిచ్చే ప్రొటీన్) పొడి కలపండి. అదీ లేకపోతే పాలు 20 మి.లీ. తగ్గించి చెయ్యండి. బన్ను కాస్త తక్కువ పొంగుతుంది, తినడానికి బాగానే ఉంటుంది.

ఈస్ట్ విషయంలో గందరగోళం ఎక్కువ. ఇన్‌స్టంట్ ఈస్ట్ సన్నగా ఉంటుంది, నేరుగా మైదాలో కలిపేయొచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ కాస్త లావు గింజలుగా ఉంటుంది. అది 9 గ్రాములు తీసుకుని, కొలిచి పెట్టుకున్న పాలలోంచే కొన్ని గోరువెచ్చగా (40 డిగ్రీల లోపు) చేసి అందులో చిటికెడు పంచదారతో పాటు వెయ్యండి. పది నిమిషాల్లో నురగ కట్టాలి. కట్టకపోతే ఆ ఈస్ట్ పని అయిపోయింది, దానితో ముందుకి వెళ్లకండి. తాజా ఈస్ట్ ముద్దయితే 21 గ్రాములు కావాలి. ఏదైనా సరే 55 డిగ్రీలు దాటిన పాలలో వేస్తే చచ్చిపోతుంది. పాలు వేడిగా పోసి, ఆపైన ‘పొంగలేదు’ అని ఈస్ట్‌ని తిట్టడం మామూలే.

పంచదార 75 గ్రాములంటే మైదాలో 15 శాతం. ఇది దాటితే తీపి పెరుగుతుంది కానీ పొంగు నెమ్మదిస్తుంది. పంచదార నీళ్లని తనవైపు లాక్కుంటుంది, ఈస్ట్ కణాలకి తడి అందదు. 20 శాతం దాకా వెళ్లాలనుకుంటే తీపి ముద్దల కోసం ప్రత్యేకంగా అమ్మే ఈస్ట్ వాడాలి, లేదంటే పొంగడానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. ఎక్కువ తీపి కావాలంటే ముద్దలో కాకుండా పైన పాకంగా రాయడం తేలిక.

పాలు ఏవైనా ఒకసారి కాచి చల్లార్చినవి వాడండి. కాగని పాలలో ఉండే ఒక రకం ప్రొటీన్ గ్లూటెన్‌ని బలహీనపరుస్తుంది. బాగా కాస్తే ఆ ప్రభావం తగ్గిపోతుంది. కాచాకే కొలవండి.

గంజి కాయడం

మెత్తదనం రెండు మూడు రోజులు నిలవడానికి ఉన్న ఒక్క మంచి ఉపాయం ఇదే. చైనా వంటలో దీన్ని టాంగ్‌జాంగ్ అంటారు. జపాన్‌లో మరిగే నీళ్లు పోసి చేసే యుదానే కూడా ఇలాంటిదే. పిండిలోని స్టార్చ్ 65 డిగ్రీల దగ్గర ఉబ్బి, మామూలుగా పీల్చేదానికంటే ఎన్నో రెట్లు తడిని పట్టి ఉంచుకుంటుంది. ఆ తడి కాల్చేటప్పుడు కూడా సులభంగా బయటికి పోదు. ఇంకో లాభం ఏమిటంటే, గంజిలో చిక్కుకున్న పాలు ముద్దని జారుగా చెయ్యవు కాబట్టి మామూలుకంటే ఎక్కువ పాలు పట్టించవచ్చు.

25 గ్రాముల మైదాని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, చిన్న గిన్నెలో సన్న మంట మీద పెట్టి ఆపకుండా తిప్పండి. రెండు మూడు నిమిషాల్లో చిక్కబడడం మొదలవుతుంది. గరిటె లాగితే గిన్నె అడుగున గీత పడి, ఆ గీత ఒక క్షణం నిలబడాలి. అక్కడ దించేయండి. థర్మామీటర్ అక్కర్లేదు. ఇంకా ఉడికిస్తే నీరు ఆవిరై, లెక్క తప్పుతుంది. దించాక పైన తోలు కట్టకుండా గంజికి అంటుకునేలా ప్లాస్టిక్ కవరు పరిచి చల్లార్చండి. వేడి గంజిని ముద్దలో వెయ్యకూడదు, ఈస్ట్ సంగతి ముందే చెప్పాం కదా.

కలపడం, పిసకడం

పెద్ద గిన్నెలో మైదా, పంచదార, ఈస్ట్ వేసి కలిపి, తర్వాత ఉప్పు వేసి మళ్లీ కలపండి. గంజి, గుడ్డు, పాలు పొయ్యండి. పాలలో 20 మి.లీ. మాత్రం వెనక్కి ఉంచుకోండి. ఒక్కో మైదా ఒక్కోలా పీలుస్తుంది. పోసిన పాలని వెనక్కి తియ్యలేం, తక్కువైతే పొయ్యడం తేలిక. పొడి ఎక్కడా కనపడకుండా కలిశాక ఆపేసి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి.

ఈ 20 నిమిషాలూ వృథా కాదు. మైదా తడిని నెమ్మదిగా పీల్చుకుని గ్లూటెన్ దానంతట అదే అల్లుకోవడం మొదలుపెడుతుంది. మూత తీసి చూస్తే ఇందాకటి గతుకుల ముద్ద కాస్త నున్నబడి ఉంటుంది. పొడి మైదా చల్లాలన్న కోరిక పుట్టేది సరిగ్గా ఈ విరామానికి ముందే. కాబట్టి ఆ కోరికని 20 నిమిషాలు వాయిదా వేస్తే చాలు.

ఇప్పుడు పిసకాలి. చేత్తో అయితే ముద్దని బల్ల మీద వేసుకుని, అవతలి అంచుని రెండు చేతులతో పట్టి పైకెత్తి, కింది భాగాన్ని బల్లకేసి కొట్టి, చేతిలో ఉన్నదాన్ని దాని మీదకి మడవండి. పావు వంతు తిప్పి మళ్లీ అదే. మొదటి ఐదు నిమిషాలు ముద్ద బల్లకీ, వేళ్లకీ, మణికట్టు దాకా అంటుకుంటుంది. దగ్గర ఒక ప్లాస్టిక్ గీకుడుముక్క పెట్టుకుని అంటుకున్నదాన్ని తిరిగి ముద్దలోకి లాగుతూ ఉండండి. ఏడెనిమిది నిమిషాలకి తేడా తెలుస్తుంది: బల్ల నుంచి ముద్ద ఒక్క ఊపులో లేచి వస్తుంది. 12–15 నిమిషాలకి నున్నగా అవుతుంది. మిక్సర్‌కి ముద్ద కలిపే కొక్కెం ఉంటే తక్కువ వేగం నుంచి మధ్యస్థ వేగంలో 8 నిమిషాలు చాలు.

వెన్న ఇంతదాకా వెయ్యకపోవడానికి కారణం ఉంది. కొవ్వు మైదా రేణువుల చుట్టూ పొరలా పట్టి గ్లూటెన్ అల్లుకోనివ్వదు. కేకుకి అది మంచిదే, బన్నుకి కాదు. ముద్ద సాగడం మొదలుపెట్టాకే మెత్తబడిన వెన్నని, కరిగినది కాదు, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తనిది, నాలుగైదు దఫాలుగా వెయ్యండి. మొదటి దఫా వేసి పిసకగానే ముద్ద తునకలు తునకలుగా విడిపోయి, జిడ్డోడుతూ, అంతా పాడైపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది బెంబేలెత్తి పొడి మైదా డబ్బా తీసే రెండో ఘడియ ఇది. ఆగకుండా మూడు నిమిషాలు పిసకండి, మళ్లీ కూడుకుంటుంది. అప్పుడే తరవాతి దఫా. వెన్నంతా పట్టడానికి చేత్తో 8–10 నిమిషాలు, మిక్సర్‌లో 5–6 నిమిషాలు.

చాలా, ఇంకా పిసకాలా అన్నది గడియారం చెప్పదు. నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా నాలుగు వైపులకీ సాగదియ్యండి. అవతల వేళ్ల నీడ కనిపించేంత పలచని పొర కావాలి. చివరికి ఎలాగూ చిరుగుతుంది. చిరుగు అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే ముద్ద సిద్ధం. రంపపు పళ్లలా ఉంటే ఇంకో మూడు నాలుగు నిమిషాలు. ముట్టుకుంటే చెవి తమ్మెలా మెత్తగా, కాస్త జిగురుగా ఉండి వేలికి అంటుకోకుండా వదిలేయాలి.

ఇంకో సంగతి: పిసికిన వేడికి ముద్ద కూడా వెచ్చబడుతుంది. పని అయ్యేసరికి అది 26–27 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. వాతావరణం వేడిగా ఉన్నప్పుడు పాలు, గుడ్డు నేరుగా ఫ్రిజ్‌లోంచి తీసి వాడండి. చలిగా ఉంటే పాలు గోరువెచ్చగా చేసుకోండి. గోరువెచ్చటి పాలే పొయ్యాలని అన్ని కాలాలకీ ఒకే నియమం పెట్టుకుంటే, మిక్సర్ వేడి కూడా తోడై ముద్ద 30 దాటిపోతుంది. వెన్న కారడం, పుల్లటి సారా వాసన రావడం అక్కడి నుంచే.

ఎండు ద్రాక్ష వెయ్యాలనుకుంటే 100 గ్రాములు, పావుగంట వేడినీళ్లలో నానబెట్టి, బట్టతో ఒత్తి ఆరబెట్టి, చివర్లో చేత్తో మడుస్తూ కలపండి. నానకుండా వేస్తే అవి ముద్దలోని తడిని లాగేస్తాయి. యాలకుల పొడి ఒక టీస్పూను ముద్దలోనే వేసుకోవచ్చు. దాల్చినచెక్క మాత్రం వద్దు. దాని ఘాటుకి కారణమైన నూనె ఈస్ట్‌ని అణిచేస్తుంది. దాల్చిన రుచి కావాలంటే లోపల పెట్టే పూరకంలో వెయ్యండి.

మొదటి పొంగు

లోపల వెన్న రాసిన గిన్నెలో ముద్దని నున్నని వైపు పైకి ఉండేలా పెట్టి మూత పెట్టండి. నిటారు గోడలున్న డబ్బా ఉంటే ఇంకా నయం. ముద్ద ఎత్తు దగ్గర బయట రబ్బరు బ్యాండు వేస్తే రెట్టింపైందో లేదో వాదన ఉండదు. 26–28 డిగ్రీల గదిలో 60 నుంచి 90 నిమిషాలు పడుతుంది. 20 డిగ్రీల గదిలో రెండు గంటలు దాటవచ్చు. మైదా రాసుకున్న వేలిని ముద్దలోకి రెండు కణుపుల లోతు గుచ్చి తీస్తే గుంట అలాగే నిలవాలి. వెంటనే పూడుకుంటే ఇంకా టైము ఉంది. గుంట చుట్టూ ముద్ద మొత్తం కుంగితే ఎక్కువైంది. వెంటనే గాలి తీసి ఉండలు చేసుకుంటే ఈ దశలో ఇంకా సర్దుకుంటుంది.

తొందర లేనప్పుడు ఫ్రిజ్ పద్ధతి మేలు. అరగంట బయట ఉంచి, ఆ తర్వాత బిగువైన మూతతో 8 నుంచి 14 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. రుచి లోతుగా వస్తుంది, పైగా వెన్న గట్టిపడి ముద్ద చేతికి అంటుకోదు కాబట్టి ఉండలు చెయ్యడం మొదటిసారి చేసేవాళ్లకి చాలా తేలికవుతుంది. రెండో పొంగుకి మాత్రం గంటన్నర నుంచి రెండు గంటలు ఇవ్వాలి, ఎందుకంటే చల్లటి ముద్ద మేలుకోవడానికే గంట పడుతుంది.

ఉండలు చెయ్యడం

ముద్దని బల్ల మీద బోర్లించి, అరచేత్తో మెల్లగా నొక్కి గాలి తీసేయండి. గుద్దక్కర్లేదు. మొత్తం తూచి 15తో భాగించి, ఒక్కో ముక్కా తూచి కోయండి. కంటి అంచనాతో చేస్తే చిన్నవి ఎండిపోయేసరికి పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి. ముక్కల్ని బట్ట కప్పి పది నిమిషాలు వదిలేయండి. కోసిన వెంటనే ఉండ చుడితే ముద్ద మొండికేస్తుంది, లాగినచోటికి తిరిగి వచ్చేస్తుంది.

ఒక ముక్క తీసుకుని కొద్దిగా వెడల్పు చెయ్యండి. అంచుల్ని ఒక్కొక్కటిగా మధ్యకి లాగి, మూట కట్టినట్టు వేళ్లతో నొక్కి బిగించండి. బిగించిన వైపు కిందికి తిప్పి పొడిగా ఉన్న బల్ల మీద పెట్టండి. అరచేతిని గిన్నె బోర్లించినట్టు వంచి ఉండని లోపల పట్టి, చిటికెన వేలి పక్కభాగం బల్లకి ఆనించి, చిన్న చిన్న వలయాలుగా తిప్పండి. ఉండ అడుగు బల్లకి కాస్త పట్టుకుంటూ ఉంటే పైతోలు కిందికి లాక్కుని బిగుస్తుంది. ఎనిమిది పది చుట్లకి గోలీలా నున్నగా అవుతుంది. బల్ల మీద మైదా చల్లితే ఉండ జారిపోతుంది తప్ప బిగియదు. మరీ అంటుకుంటే బల్లకి కాదు, అరచేతికి ఒక చుక్క నూనె రాసుకోండి. పైతోలు చిట్లిపోతోందంటే ఎక్కువ తిప్పారని, అక్కడే ఆపండి.

లోపల జామో, చాక్లెటో పెట్టాలంటే ఉండకి 15 గ్రాములు మించకూడదు. జామ్ చిక్కగా ఉండాలి. మూట కట్టే అంచులకి పూరకం అంటితే అతుకు పట్టదు, ఓవెన్‌లో అక్కడే నోరు తెరుచుకుంటుంది.

వెన్న రాసిన ట్రేలో ఉండల మధ్య వేలి వెడల్పంత సందు వదిలి పేర్చండి. పొంగాక ఒకదానికొకటి ఆనుకుని పక్కలు కాలకుండా మెత్తగా ఉండిపోతాయి. దూరం దూరంగా పెడితే చుట్టూ గోధుమరంగు తోలు కట్టి విడివిడి బన్నులవుతాయి. అవి బాగుండవని కాదు, త్వరగా ఎండిపోతాయి.

రెండో పొంగు

ఇది 45 నుంచి 75 నిమిషాలు. బన్ను బాగా రావడం రాకపోవడం చాలావరకు ఇక్కడే తేలుతుంది, అయినా తొందరపడేది కూడా ఇక్కడే. ట్రేని పైనుంచి కవరుతో కప్పండి, ముద్దకి తగలకుండా. ఆరిన తోలు సాగదు, ఓవెన్‌లో పగులుతుంది. ఆపేసిన ఓవెన్‌లో ఒక గిన్నెడు వేడినీళ్లు పెట్టి, దాని పక్కన ట్రే ఉంచితే వెచ్చదనం, తేమ రెండూ దొరుకుతాయి. అయితే లోపల 35 డిగ్రీలు దాటకూడదు, వెన్న కరిగి కారిపోతుంది.

వేలికి తడి చేసుకుని ఉండ పక్కన మెల్లగా నొక్కండి. గుంట నెమ్మదిగా సగం దాకా లేచి ఆగిపోతే కాల్చే సమయం వచ్చింది. టక్కున మొత్తం లేచిపోతే ఇంకో పావుగంట. అసలు లేవకపోతే ఆలస్యమైంది. గుడ్డు పూయడం మానేసి, ట్రే కుదపకుండా వెంటనే ఓవెన్‌లో పెట్టండి.

కాల్చడం

ఓవెన్‌ని 180 డిగ్రీల దగ్గర కనీసం 15–20 నిమిషాలు ముందే వేడెక్కించండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 160–165 చాలు. పచ్చసొన, పాలు గిలకొట్టి మెత్తటి బ్రష్‌తో పలచగా రాయండి. ట్రే అంచులోకి కారితే అది జిగురులా పట్టేసి బన్నుని పైకి లేవనివ్వదు. ఒట్టి పాలు రాస్తే మెరుపు ఉండదు, లేత రంగు వస్తుంది.

మధ్య అరలో 20–22 నిమిషాలు. చిన్న ఓవెన్‌లో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక అర కిందికి దించండి. పంచదార, పాలు, గుడ్డు ఉన్న ముద్ద తొందరగా రంగెక్కుతుంది. 12–13 నిమిషాలకే పైన తేనెరంగు వచ్చేస్తే అల్యూమినియం రేకు వదులుగా కప్పి మిగతా సమయం కాల్చండి. రంగు చూసి బయటికి తీస్తే మధ్యలోవి పచ్చిగా ఉంటాయి. థర్మామీటర్ ఉంటే మధ్య వరసలోని బన్నులో గుచ్చి చూడండి: 88 నుంచి 92 డిగ్రీల మధ్య తీసెయ్యాలి. 95 దాటితే మెత్తదనం ఆవిరైపోతున్నట్టే. థర్మామీటర్ లేకపోతే మధ్యలో రెండు బన్నుల్ని కాస్త విడదీసి చూడండి. పీచుపీచుగా చీలితే అయింది, తీగలా సాగితే ఇంకో మూడు నిమిషాలు.

తీసిన వెంటనే కరిగించిన వెన్న రాయండి. పైతోలు అప్పటికప్పుడు మెత్తబడుతుంది. తీపి పూత కావాలంటే 30 గ్రాముల పంచదారని 30 మి.లీ. నీళ్లలో మరిగించి, వేడి బన్నుల మీద రాస్తే అద్దంలా మెరుస్తాయి. ట్రేలో పది నిమిషాలు ఉంచి, తర్వాత జాలీ మీదకి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే ఆవిరి కిందికి దిగి అడుగు తడిసిపోతుంది. జాలీ మీద పలచని బట్ట కప్పి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. ఆగడం కష్టమే, కానీ వేడిగా కోస్తే లోపల ముద్దకట్టినట్టు ఉంటుంది. లోపలి స్టార్చ్ ఇంకా కుదుటపడలేదని అర్థం.

బన్ను చెప్పే లక్షణాలు

సరిగ్గా రాని బన్నుని పారేసే ముందు అడ్డంగా కోసి చూడండి. ఎక్కడ తప్పిందో చాలావరకు అదే చెబుతుంది.

అడుగున ఒక అంగుళం మేర రబ్బరులా, బిగుతుగా ఉండి పైన మాత్రం పొంగి ఉంటే రెండో పొంగు చాలలేదు, లేదా ఓవెన్ అడుగు వేడి తక్కువ. పక్కన తోలు చిరిగి లోపలిది బయటికి తన్నుకొచ్చినా చాలని పొంగే, లేదా తోలు ఆరిపోయింది. దీనికి వ్యతిరేకంగా, బయటికి తీశాక పైన ముడతలు పడి కుంగిపోతే పొంగు ఎక్కువైంది లేదా లోపల కాలకముందే తీశారు. పొంగు మరీ ఎక్కువైన బన్ను రంగు కూడా సరిగా పట్టదు, ఈస్ట్ పంచదారని తినేసి ఉంటుంది. కోస్తే లోపల ఒక్క పెద్ద తొర్ర కనపడితే ఉండ చుట్టేముందు గాలి తియ్యలేదు. ఈస్ట్ వాసన ఘాటుగా కొడితే వేడిచోట తొందరగా పొంగించారు. వచ్చేసారి ఈస్ట్ పెంచకండి, గది వేడి తగ్గించండి లేదా ఫ్రిజ్‌కి మార్చండి.

రుచి చప్పగా ఉంటే పంచదార కాదు, ఉప్పు తక్కువైందేమో చూడండి. 8 గ్రాములు ఎక్కువని తగ్గించేవాళ్లున్నారు. ఉప్పు రుచికే కాదు, ఈస్ట్ పరుగుని అదుపులో పెట్టడానికీ, ముద్ద జావగా మారకుండా ఉండటానికీ కావాలి.

మార్పులు చేసుకోవాలంటే

అన్నిటినీ మొత్తం మైదాని 100గా పెట్టుకుని లెక్కేస్తే పరిమాణం మార్చడం సులువు: పంచదార 15, వెన్న 12, ఉప్పు 1.6, ఈస్ట్ 1.4, పాలు 55, గుడ్డు 10. గంజిలోని మైదా, పాలు కూడా ఇందులో చేరాయి.

గుడ్డు వద్దనుకునేవాళ్లు దాని బదులు 40 మి.లీ. పాలు, 15 గ్రాముల పాలపొడి వెయ్యండి. గుడ్డులో నాలుగింట మూడొంతులు నీరే కాబట్టి తడి లెక్క సరిపోతుంది. రంగు, పొంగు కాస్త తగ్గుతాయి. మెత్తదనానికి లోటుండదు, ఆ పని గంజి చూసుకుంటుంది. మైదాలో పావు వంతు దాకా గోధుమపిండి కలిపితే ఇంకో 15–20 మి.లీ. పాలు పడతాయి. సగం దాటితే ఈ బన్ను ఈ బన్నులా ఉండదు.

దాల్చిన చుట్టలు చెయ్యాలంటే మొదటి పొంగు అయ్యాక ముద్దని 30 × 45 సెం.మీ. పలకలా పరిచి, 60 గ్రాముల మెత్తటి వెన్న రాసి, 100 గ్రాముల బ్రౌన్ షుగర్, 8 గ్రాముల దాల్చిన పొడి కలిపి చల్లండి. పొడవైన అంచు వైపు నుంచి చుట్టి, చుట్ట కిందికి దారం దూర్చి, రెండు కొసలూ పైన ముడి వేసినట్టు లాగితే నలగకుండా తెగుతుంది. 12 ముక్కలు చేసి, రెండో పొంగు, కాల్చడం అంతా పైన చెప్పినట్టే. చుట్టలు కాబట్టి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు.

నిల్వ

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో బయటే పెడితే రెండు మూడు రోజులు మెత్తగా ఉంటాయి. గది బాగా వేడిగా, తేమగా ఉంటే రెండు రోజులే. ఫ్రిజ్‌లో పెట్టకండి. బన్ను బిరుసెక్కేది తడి ఆరిపోయి మాత్రమే కాదు, కాల్చినప్పుడు ఉబ్బిన స్టార్చ్ మళ్లీ గట్టిగా పేరుకుపోవడం వల్ల. ఆ పేరుకోవడం ఫ్రిజ్ చల్లదనంలో బయటికంటే వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. కాబట్టి మిగిలినవి చేసిన రోజే విడివిడిగా కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, నెల రోజులు బాగుంటాయి.

తినేముందు గంట బయట ఉంచి, రేకులో చుట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో 8–10 నిమిషాలు వేడి చెయ్యండి. మైక్రోవేవ్ అయితే తడి టిష్యూ కప్పి 15–20 సెకన్లు, అంతకు మించితే చల్లారేసరికి తోలులా సాగుతుంది.